గచ్చిబౌలిలో ఒక డ్రా, బొల్లారం అంకుల్ మాటలు

2024 నవంబరు 18, సోమవారం. ఆఫీసులో సెలవు చెప్పి పొద్దున్నే వరంగల్ స్టేషన్‌లో సాతవాహన ఎక్కాను. రాత్రికి గచ్చిబౌలిలో ఇండియా, మలేషియా ఫుట్‌బాల్ మ్యాచ్. అది ఫ్రెండ్లీ, కప్పూ లేదు, పాయింట్లూ లేవు, దానికోసం సెలవు పెట్టి హైదరాబాద్ దాకా పోవాలా అని ఇంట్లో అడిగారు. నాకు ఒక్క కారణం చాలు. ఆ రాత్రి ఇండియా బెంచీ దగ్గర నిలబడేది మనోలో మార్కెజ్, మన హైదరాబాద్ ఎఫ్‌సీ క్లబ్బుకు ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) కప్పు తెచ్చిన కోచ్.

ఆ కప్పు కథ కొంచెం చెప్పాలి. 2019లో టీం పెట్టినప్పుడు ఇంగ్లాండువాడు ఫిల్ బ్రౌన్‌ను కోచ్‌గా పెట్టారు. సీజన్ సగంలోనే పంపించేశారు, టీం ఆఖరి స్థానంలో మిగిలింది. తర్వాత ఆల్బర్ట్ రోకా అన్నారు, ఆయన పని మొదలుపెట్టకముందే బార్సిలోనా నుంచి పిలుపొస్తే అటు వెళ్లిపోయాడు. అప్పుడు, 2020 ఆగస్టులో, వచ్చినవాడు మనోలో. అంటే మనం అంతగా ప్రేమించిన కోచ్ అసలు మొదట అనుకున్న కోచ్ కాదు. రెండో సీజన్‌కే, 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో, ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ మీద 1-1, పెనాల్టీల్లో 3-1. మన గోలీ కట్టిమణి ఆపిన ఆ పెనాల్టీలు ఇప్పటికీ నా ఫోన్లో ఉన్నాయి. నాకు మిగిలిన బాధ ఒక్కటే, కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ గోవాలోనే జరిగాయి, కప్పు గెలిచిన ఏడాది మన టీం మన గ్రౌండులో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

సికింద్రాబాద్‌లో దిగేసరికి బావమరిది స్టేషన్ బయట ఉన్నాడు. ఆల్ఫాలో చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, అక్కడే గొడవ మొదలైంది.

"బావా, నీ మనోలో రెండు పడవల మీద కాళ్లు పెట్టిండు. గోవా క్లబ్బుకీ ఆయనే, ఇండియాకీ ఆయనే. ఇట్ల ఎక్కడన్న ఉంటదా?"

ఉండదనే నేనూ అన్నాను. మనోలో అంటే నాకు ఇష్టం, అయినా ఈ విషయంలో వాడిది కరెక్టే అనిపించింది. జూన్‌లో అప్పటి ఇండియా కోచ్ స్టిమాచ్‌ను తీసేశారు, జూలైలో మనోలోను పెట్టారు, సీజన్ అయ్యేదాకా గోవాను కూడా చూసుకోనిచ్చారు. సెప్టెంబరులో ఇదే గచ్చిబౌలిలో మారిషస్‌తో గోల్ లేని డ్రా, సిరియా చేతిలో 0-3, అక్టోబరులో వియత్నాంతో 1-1. ఆ ఏడాది ఇండియా అప్పటికి ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. బావమరిదిది ఒకటే మాట, ఇండియావాడిని పెట్టండి, పూర్తి ఉద్యోగంగా పెట్టండి. నేనేమో ఏ దేశంవాడైనా పర్వాలేదు, పూర్తి ఉద్యోగం కావాలి అంటాను. మెట్రో ఎక్కి రాయదుర్గం చేరేదాకా ఇదే. ఎదురు సీట్లో ఒకతను ఇయర్‌ఫోన్స్ తీసేసి మరీ విన్నాడు, అమీర్‌పేటలో దిగుతూ "ఖాలిద్ జమీల్‌ను పెట్టాలన్నా" అని చెప్పి పోయాడు. (ఇండియావాడైన ఆ జమీల్‌నే 2025 ఆగస్టులో ఇండియా కోచ్‌గా పెట్టారు కూడా. అతను ఎక్కడున్నాడో గానీ ఆ రోజు నాకు అతనే గుర్తొచ్చాడు.)

రాయదుర్గం నుంచి ఆటో. ట్రాఫిక్ సంగతి ఎందుకులెండి.

గచ్చిబౌలి స్టేడియంలోకి ఎప్పుడు అడుగుపెట్టినా నాకు ముందు గుర్తొచ్చేది 2003 ఆఫ్రో ఏషియన్ గేమ్స్. అప్పుడు ఇండియా ఇక్కడే ఫైనల్ దాకా వచ్చి ఉజ్బెకిస్తాన్ చేతిలో ఒక్క గోల్‌తో ఓడింది. ఆ సంగతే అంటుంటే మా ముందు వరసలో కూర్చున్న పెద్దాయన వెనక్కి తిరిగాడు. పాత ట్రాక్‌సూట్, మెడలో మఫ్లర్, డెబ్బై దాకా ఉంటాయి. బొల్లారం నుంచి వచ్చాడట, రైల్వేలో చేసి రిటైరయ్యాడు, కుర్రతనంలో లీగ్‌లో హాఫ్ బ్యాక్ ఆడాడు. ఇక మ్యాచ్ అయ్యేదాకా మాకు కామెంటరీ ఆయనదే.

బావమరిది ఫోన్లో లైవ్ పెట్టుకుని ఒక చెవికి ఇయర్‌ఫోన్ తగిలించుకున్నాడు. ఫోన్‌లో బొమ్మ గ్రౌండు కంటే చాలా వెనక వస్తోంది. పంతొమ్మిదో నిమిషంలో మన గోలీ గుర్‌ప్రీత్ గోల్ వదిలి ముందుకొచ్చాడు. "అరే, గోలీ ఎందుకొస్తుండు, ఎందుకొస్తుండు, ఆగు ఆగు" అని అంకుల్ లేచి నిలబడ్డాడు. ఆయన మాట పూర్తవకముందే మలేషియాకు ఆడే పావులో జోసువే ఖాళీ గోల్‌లోకి కొట్టేశాడు. మేమందరం తల పట్టుకుని కూర్చున్న తర్వాత బావమరిది ఫోన్లో కామెంటేటర్ అరిచాడు.

టీవీ కామెంటరీ మీద నా కోపం ఇదివరకటిదే. పాసులు ఇన్ని, బంతి ఇంత శాతం సేపు వీళ్ల దగ్గరుంది అని లెక్కలు చదువుతారు. యూరప్‌లో ఏ ప్లేయర్ ఎప్పుడు ఎలా కొట్టాడో చెబుతారు. మ్యాచ్ అవ్వగానే స్టూడియోలో కూర్చుని కోచ్‌ను ఉంచాలా తీసేయాలా అని పది నిమిషాల్లో తేల్చేస్తారు. ఆ కోచ్‌కు క్యాంపులో ఎన్ని రోజులు దొరికాయో మాత్రం చెప్పరు. అంకుల్ అలా కాదు. బంతి లేని చోట చూడమంటాడు. "బంతిని నేను చూస్తా గాని, నువ్వు ఆ రైట్ బ్యాక్‌ను చూడు బేటా, వాడు ఎప్పుడు ముందుకు పోతుండు, వాని జాగాల ఎవరొస్తుండు." నిజం చెబుతున్నాను, ఇరవై ఏళ్లుగా ఫుట్‌బాల్ చూస్తున్నాను, ఒక్క సగంలో అంత నేర్చుకున్నది ఎప్పుడూ లేదు. ముప్పైతొమ్మిదో నిమిషంలో కార్నర్‌కు ముందు కూడా "భేకేను చూడు" అన్నాడు. బ్రాండన్ కొట్టాడు, రాహుల్ భేకే తలతో గోల్‌లోకి పంపాడు. 1-1. అంకుల్ నన్ను కౌగిలించుకున్నాడు.

హాఫ్ టైంలో బావమరిది మళ్లీ రెండు పడవల మాట తెచ్చాడు. అంకుల్ వెంటనే అందుకున్నాడు.

"మరి రహీం సాబ్ సంగతేంది? సిటీ పోలీస్ టీం ఆయనదే, ఇండియా టీం కూడ ఆయనదే. ఆయనవి రెండు పడవలు కావా?"

మా ఇద్దరికీ మాట రాలేదు. ఒకప్పటి ఇండియా కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం పేరు తెలియక కాదు. 1951లో, 1962లో ఏషియన్ గేమ్స్ బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో సెమీస్, అన్నీ తెలుసు. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచిందనీ తెలుసు. ఈ రెండు ఉద్యోగాలనూ పక్కపక్కన పెట్టి మాత్రం ఎప్పుడూ చూడలేదు.

అంకుల్ చెప్పింది నాకు అర్థమైనట్టు రాస్తాను. రహీం సాబ్ మొదట బడిపంతులు. ఆయన పోలీస్ టీంలో పొద్దునా సాయంత్రం తర్ఫీదు పొందిన కుర్రాళ్లలో చాలామంది ఇండియాకు కూడా ఆడారు. డ్రిబ్లింగ్ చేయకూడదని రూలు పెట్టి పోటీలు ఆడించేవాడు, ఒక్క తాకుతోనే బంతిని పంపడం అలవాటు కావాలని. చేతకాని కాలితోనే ఆడాలని ఇంకో పోటీ. అలా తయారైన వాళ్లను ఇండియా క్యాంపులో మళ్లీ కొత్తగా పరిచయం చేసుకోనక్కర్లేదు. క్లబ్బులో చేసిన పనే దేశానికి పనికొచ్చింది. మనోలోకు అది అంతగా లేదు. ఆయన క్లబ్బు పిల్లల్లో దేశానికి ఆడేది కొద్దిమందే, పదేసి క్లబ్బుల నుంచి పదేసి అలవాట్లతో వచ్చినవాళ్లకు నాలుగు రోజుల్లో ఏం నేర్పుతాడు? "రెండు నౌకర్లు చేసుడు తప్పు కాదు బేటా, ఒకటి ఇంకోదానికి అక్కరకు రాకపోవుడు తప్పు."

పొద్దుటి నుంచి నేను చేసిన వాదన అక్కడ పడిపోయింది. పూర్తి ఉద్యోగం ఇచ్చినా ఆ నాలుగు రోజులు నలభై కావు కదా. మిగతా రోజుల్లో ఆయన ఒక్కడే కూర్చుని వీడియోలు చూడాలి. ఆ రాత్రి అవతలి బెంచీలో ఉన్న మలేషియా తాత్కాలిక కోచ్ పావు మార్తీది కూడా స్పెయినే. ఇద్దరూ ఒకే దేశం నుంచి వచ్చి, ఇద్దరూ కొద్ది రోజుల క్యాంపులతో, ఇద్దరూ డ్రాతో పోయారు.

రెండో సగంలో చెప్పుకోడానికి పెద్దగా లేదు. జనవరిలో మోకాలికి దెబ్బ తగిలినప్పటి నుంచి దూరంగా ఉన్న సందేశ్ ఝింగాన్ మళ్లీ ఆడుతున్నాడు, అతను బంతి తలతో కొట్టినప్పుడల్లా చప్పట్లు. 1-1 తోనే ముగిసింది. ఏడాదంతా గెలుపు లేకుండానే పోయింది.

గేటు దగ్గర అంకుల్‌ను అడిగాను, కామెంటరీ చెప్పేవాళ్లు ఎప్పుడైనా రహీం సాబ్ మాట ఎత్తుతారా అని. "ఆయన మీద సినిమా వచ్చినప్పుడు చెప్పిన్రు" అన్నాడు. అమ్ముగూడలో పుట్టిన పాత ఇండియా ఫుట్‌బాల్ ప్లేయర్ తులసీదాస్ బలరాం గురించి అడిగితే కొంతసేపు మాట్లాడలేదు. 2023 ఫిబ్రవరిలో బలరాం పోయారు. చుని గోస్వామి, పీకే బెనర్జీ పక్కన చెప్పే పేరు అది, మన సికింద్రాబాద్ పిల్లవాడు. ఐపీఎల్ తెలుగు కామెంటరీలో ఏ ఊరి కుర్రాడు ఎక్కడ గల్లీ క్రికెట్ ఆడాడో కూడా చెబుతారు. ఫుట్‌బాల్‌కు అలా అమ్ముగూడ పేరు పలికే గొంతు ఒకటి కావాలి, తెలుగులోనే కావాలి, బొల్లారం యాసలో ఉన్నా సరే. మాకు ఆ రాత్రి ఒకటి దొరికింది, బయట లక్షల మందికి దొరకలేదు.

మర్నాడు పొద్దున వరంగల్ రైలు ఎక్కేముందు లోకల్ రైలు పట్టుకుని అమ్ముగూడ వెళ్లాను. చూడ్డానికి ఏముందని బావమరిది రాలేదు. స్టేషన్ దగ్గర చాయ్ తాగాను, కాసేపు సందుల్లో నడిచాను, వెనక్కి వచ్చాను.

తిరుగు రైల్లో భేకే గోల్ వీడియో వెతికి పెట్టాను. కామెంటేటర్ మొదలుపెట్టగానే సౌండు తీసేశాను. జనగామ దాటేదాకా, బంతిని వదిలేసి, కార్నర్ కొట్టకముందు భేకే ఎక్కడ నిలబడ్డాడో చూస్తూ కూర్చున్నాను.