మిల్ట్రి పెద్దబాపుతో నల్లగొండ దాకా

నవంబర్ వచ్చిందంటే మా పెద్దబాపుకి బతికున్నట్టు కాగితం కావాలె. పెన్షన్ తీసుకునేటోళ్లందరికీ ఉన్నదే అది, ఏడాదికోసారి బతికే ఉన్న అని చూపియ్యాలె, లేకుంటే పైసలు ఆగుతయ్. ఫోన్‌ల చేసుకోవచ్చు పెద్దబాపు, నేనే వచ్చి చేస్త అంటే వినడు. "మనిషి పోయి ఎదురుంగ నిలవడాలె బిడ్డా, ఫోన్ల బతికితె అదేం బతుకు" అంటడు. ఏటా తోల్కపోయే కొడుకు ఇప్పుడు దుబాయ్‌ల ఉన్నడు కాబట్టి ఈసారి డ్యూటీ నా మీద పడ్డది. నాకూ చాన్నాళ్ల సంది నల్లగొండ పక్కన పానగల్ గుడి చూడాలని ఉండె, రెండు పనులు ఒకటే డీజిల్‌ల అయితయ్ అని దోస్తు కారు అడుక్కొని పొద్దుగాల ఐదున్నరకి ఎల్బీ నగర్ నుంచి బయల్దేరిన.

సాగర్ రోడ్డు ఆ టైంల మస్తుగుంటది. ఇబ్రహీంపట్నం దాటే దాకా ఏమీ లేదు, అన్నీ వెంచర్ల బోర్డులే, యాచారం దాటినంక కొంచెం పల్లె కనపడ్తది. మాల్ అనే ఊర్ల ఆగి చాయ్ తాగిన. ఆ చాయ్ గురించి చెప్పుకునేంత ఏం లేదు, చక్కెర పాకం. అక్కడి నుంచి ఎడమకి మర్రిగూడ దిక్కు తిరిగితే రెండు పక్కల పత్తి, మధ్యల మధ్యల బత్తాయి తోటలు. పత్తి ఏరేటోళ్లు అప్పటికే చేన్లల్ల ఉన్నరు. ఊరి పేరు రాయను, పెద్దబాపుకి ఇష్టం లేదు.

పోయేసరికి ఇస్త్రీ అంగీ తొడుక్కొని అరుగు మీద కూసొని ఉన్నడు. ఎడమ కాలు మోకాలు కింద లేదు, పెట్టుడు కాలు. కుడి కాలు ఉన్నది గానీ మోకాలు సగమే వంగుతది. మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలె. చేతిల రెండు ఫైళ్లు, రెండిటికీ కలిపి ఒకటే దారం. ఆ రెండు ఫైళ్ల గురించే ఇదంతా రాస్తున్న అసలు.

కార్ల ముందు సీటు మొత్తం వెనక్కి జరిపి ఎక్కియ్యడానికి పావుగంట పట్టింది. పెద్దమ్మ గూడ వస్తనన్నది, వెనకాల టిఫిన్ డబ్బా, నీళ్ల క్యాన్ పెట్టుకొని కూసున్నది. చండూరు దిక్కు పోతున్నప్పుడు నేను ఊకోక, పెద్దబాపు శ్రీలంక ముచ్చట చెప్పవా అని అడిగిన. చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగినా చెప్పకపోతుండె. ఆ రోజు ఏమైందో మరి, చెప్పిండు.

1987 జూలై 29న రాజీవ్ గాంధీ కొలంబోల ఒప్పందం మీద సంతకం పెట్టిండు, వెంటనే మన ఫౌజు అక్కడికి పోయింది, శాంతి సేన పేరు మీద. మొదట పూలదండలేసిన్రట జనం. అక్టోబర్ వచ్చేసరికి జాఫ్నాల తమిళ పులులతోటే, అంటే ఎల్టీటీఈతోటే యుద్ధం. "ఎవల్ని కాపాడనీకి పోయినమో వాళ్లే కాల్చిన్రు, మేం గూడ కాల్చినం, ఇంక ఆ శాంతి అనే ముచ్చటే లేదు" అన్నడు. ఈయన కాలు పోయింది 1989ల. పొద్దుగాల పెట్రోలింగ్, మట్టి బాట, చిన్న డబ్బా అంత మందుపాతర. మనిషిని చంపదంట అది, కాలే తీస్తది, ఒకడి కాలు పోతే మోయనీకి ఇంకో ఇద్దరు కావాలె గదా, గందుకే అట్ల చేస్తరంట. మద్రాసు తెచ్చి ఆపరేషన్ చేసిన్రు, తర్వాత పుణెల కృత్రిమ అవయవాల సెంటర్‌కి పంపిన్రు. 1990 మార్చిల ఆఖరి ఓడలు మద్రాసు రేవుకొచ్చినప్పుడు అప్పటి తమిళనాడు ముఖ్యమంత్రి స్వాగతానికి రానన్నడు, ఆ వార్త పుణెల మంచం మీద పండుకొని రేడియోల విన్నడంట. వెయ్యిమందికి పైగా చచ్చిపోయిన్రు అక్కడ. వాళ్ల పేర్లున్న గోడ కొలంబో దగ్గర శ్రీలంకోళ్లు కట్టిన్రు, మన ఢిల్లీల వార్ మెమోరియల్ దాని తర్వాత ఎప్పుడో 2019ల తెరిచిన్రు. ఇది నేను చెప్తే "గోడ సంగతి ఇడిసిపెట్టు" అన్నడు.

ఇంటికొచ్చినంక మొదలైంది మొదటి ఫైలు. పెన్షన్ ఇచ్చిన్రు గానీ అది మామూలు డిసెబిలిటీ పెన్షన్, యుద్ధంల తాకిన గాయం కింద రాయలే. రెండిటికీ పైసలల్ల చాలా తేడా. ఎవలో గుమస్తా కాగితం మీద ఏదో గడి తప్పు నింపిండు, ఇంక దాన్ని సరిచేయడానికి ఉత్తరాలు, ఉత్తరాలకి జవాబుగ మళ్ల ఉత్తరాలు. నాలుగైదేండ్లయినంక కుడి మోకాలు, నడుము గట్టిపడుడు షురూ అయింది. ఒక్క కాలు మీద బరువంత పడి గిట్లయిందేమో, నా వైకల్యం పర్సంటేజీ మళ్ల చూడండ్రి అని అర్జీ పెట్టిండు. మెడికల్ బోర్డుకి పిలిచిన్రు. ఎక్స్‌రే చూసి వాళ్లు రాసిందేందంటే ఇది సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ఎక్కువైంది కూడా కాదు, మీ ఊరి నీళ్ల వల్ల వచ్చింది, ఫ్లోరోసిస్.

సరే అని ఆ కాగితం పట్టుకొని జిల్లాల నీళ్ల సంగతి చూసేటోళ్ల దగ్గరికి పోయిండు. అట్ల మొదలైంది రెండో ఫైలు. అక్కడున్నాయన ఈయన కాలు చూసి, నీది మిల్ట్రి దెబ్బ గదయ్యా, ఇటెందుకొచ్చినవ్ అన్నడంట.

ఇది చెప్తూ పెద్దబాపు నవ్విండు. నాకు నవ్వు రాలే, స్టీరింగ్ మీద చేతులు చెమట పట్టినయ్. "ఢిల్లీ సర్కారు నీ ఊరు చెడగొట్టింది అంటది, ఇక్కడి సర్కారు నీ మిల్ట్రి చెడగొట్టింది అంటది, మరి నేనెవల మనిషిని" అన్నడు. వెనకాల నుంచి పెద్దమ్మ "నా మనిషివే, ఇంకెవలు మోస్తరు నిన్ను" అన్నది.

తెల్వనోళ్లకి చెప్పాలె, మా దిక్కు బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్ లీటరుకి ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటొద్దు అంటరు, మర్రిగూడ చుట్టుపక్కల ఊర్లల్ల దానికి ఎన్నో రెట్లుండె. పిల్లల పండ్లు పచ్చబడి, కాళ్లు వంకర్లు తిరిగి, పెద్దోళ్లు నలభై ఏండ్లకే నడుము వంగి. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి నాగ్‌పూర్ సైంటిస్టులు 1970లల్ల కనిపెట్టిన్రు, దానికి మా జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని. ఆఫ్రికా దేశాలల్ల గూడ వాడిన్రు. రోగంతో పేరొచ్చిన జిల్లా మాది, ఏం జెప్పాలె. కింద కృష్ణ పారుతది, సాగర్ డ్యాం 1955ల మా జిల్లాలనే పునాది పడ్డది, నీళ్లేమో మా గుట్టల మీదికి ఎక్కలే.

1996 పార్లమెంట్ ఎన్నికలు. జల సాధన సమితి అని పెట్టి దుశ్చర్ల సత్యనారాయణ గారు వాళ్లు ఊరూరు తిరిగి, నీళ్లియ్యని సర్కారుకి బుద్ధి రావాలంటే మనమే నామినేషన్లు ఏసుడే అన్నరు. డిపాజిట్ 500. పెద్దబాపు రెండు మేకలమ్మి కట్టిండు. రెండు ఫైళ్లు సంకల పెట్టుకొని, మిల్ట్రి టోపీ పెట్టుకొని నల్లగొండ పోయి సంతకం పెట్టిండట. "వర్దీ ఏసుకున్ననాడు సర్కారు మాట దాటలే బిడ్డా. టోపీ పెట్టుకొనే సర్కారు మీదికి పోయిన, గదొక్కటి నాకు మంచిగనిపిచ్చింది" అన్నడు. మొత్తం 480 మంది పోటీల నిలవడ్డరు. బ్యాలెట్ పేపర్ పుస్తకం లెక్క అచ్చెయ్యాల్సొచ్చింది, పోలింగే వాయిదా పడ్డది, దేశమంత నల్లగొండ దిక్కు చూసింది.

మరి నీకెన్ని ఓట్లొచ్చినయ్ పెద్దబాపు అంటే ఆయన చెప్పలే, పెద్దమ్మనే చెప్పింది. "నా ఓటే పడలే, ఇంక ఊరోళ్లదేంది. గంత పెద్ద పుస్తకంల ఈయన గుర్తు యాడుందో దొర్కలే, ఎనకున్నోళ్లు జల్ది కానీ జల్ది కానీ అని లొల్లి, ఏదో ఒకదాని మీద గుద్ది వచ్చిన." ముప్పై ఏండ్ల కింది ముచ్చట, ఇప్పటికీ పెద్దబాపు మూతి ముడుచుకున్నడు. గెలిచింది కమ్యూనిస్టు ధర్మభిక్షం గారు. 480 మందిల ముగ్గురికో ఏమో డిపాజిట్ దక్కింది, ఈయన 500 పాయె. ఆ ఏడాదే చట్టం మార్చి పార్లమెంట్ డిపాజిట్ పది వేలు చేసిన్రు. మేకలమ్మి పోటీ చేసే రోజులు అక్కడికి బంద్.

నల్లగొండ చేరేసరికి పదకొండు. గడియారం సెంటర్ దగ్గర పార్కింగ్ దొరకక రెండు చుట్లు తిరిగిన. బతికున్నట్టు కాగితం చేసే సెంటర్ల పిలగాడు మంచోడే, కుర్చీ ఏసిండు, గానీ పెద్దబాపు వేలిముద్ర పడదు. పది వేళ్లు పెట్టించిండు, ఒక్కటి గూడ పడదు, పత్తి ఏరి ఏరి అరిగినయ్. ఇంక ఫోన్ మొఖం మీద పెట్టి, తాతా కండ్లు మూసి తెరువు అన్నడు. మూసి తెరిచిండు. అయిపోయింది, బతికే ఉన్నడు. రెండు నిమిషాలు పట్టలే. ఇది ఇంటికాడనే అయ్యేది అని నేనంటే ఇనపడనట్టే కూసున్నడు.

పానగల్ పోయినం. ఛాయా సోమేశ్వరం గురించి చదివినోళ్లకి తెలుసు, గర్భగుడిల లింగం వెనక గోడ మీద పొద్దంతా ఒక స్తంభం నీడ కదలకుండా ఉంటది, ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదు, బయట ఉన్న స్తంభాల నుంచి వచ్చే వెలుగు కలిసి అట్ల పడ్తది. కందూరు చోడుల కాలం గుడి. నేను ఫోటోలు దిగిన, పెద్దబాపు మెట్లు ఎక్కలే, కార్లనే కూసున్నడు. నేను లోపల అరగంట ఉంటననుకున్న, మనసొప్పక పది నిమిషాలకే వచ్చేసిన. మళ్ల ఎప్పుడన్న ఒక్కణ్ణే పోవాలె.

ఉదయ సముద్రం కట్ట మీద మాత్రం ఆపమన్నడు. నిండుగుంది చెరువు. ఇప్పుడు అందులకి వచ్చేవి కృష్ణ నీళ్లే, సాగర్ నుంచి లిఫ్ట్ చేసి తెస్తరు. పెద్దమ్మ సద్ద రొట్టె, పచ్చిపులుసు తీసింది. మా ఊర్ల గూడ ఇప్పుడు నల్లాల కృష్ణ నీళ్లొస్తున్నయ్, మిషన్ భగీరథ వచ్చినంక పిల్లలు మంచిగ పుడుతున్నరు, ఆ మాట పెద్దబాపే అన్నడు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె అన్నడు. తన మోకాలు మాత్రం ఇంక వంగదు. యుద్ధ గాయం పెన్షన్ గూడ ఆఖరికి వచ్చింది, 2009ల సైనికుల ట్రిబ్యునల్ మొదలైనంక కేసేసి, మూడుసార్లు చెన్నై పోయొచ్చి. అదే ఊర్ల కాలు కోసిన్రు, అదే ఊర్ల లెక్క తేలింది. మా జిల్లాకి కృష్ణ నీళ్లు తేనీకి తవ్వే శ్రీశైలం సొరంగం ముచ్చట తీస్తే ఒక్కటే అన్నడు, 2025 ఫిబ్రవరి 22న అండ్ల ఇరుక్కున్న ఎనిమిది మంది పిలగాండ్లు యాడోళ్లో, మా నీళ్ల కోసం మట్టిల కలిసిన్రు అని. తర్వాత చాలాసేపు మాట్లాడలే.

మునుగోడు ఉప ఎన్నికప్పుడు, 2022ల, మా ఊరికి ఎన్ని కార్లొచ్చినయో నాకు యాదికొచ్చి చెప్తుంటే "ఆ నెల రోజులు నన్ను గూడ సార్ సార్ అన్నరు" అని మళ్ల నవ్విండు.

వాపస్ ఎక్కేటప్పుడు ఫైళ్లు నేను పట్టుకున్న. పైన దారం కింద కొత్త కవర్ ఒకటి, అండ్ల ఆధార్ జిరాక్సులు నాలుగు, పాస్‌ఫోటోలు. నేను గుడిల ఉన్నప్పుడు కాదు, అంతకు ముందే ఆ సెంటర్ల తీయించినట్టున్నడు, నాకు తెల్వనే లేదు. ఇవి ఎందుకు పెద్దబాపు అంటే కిటికీ బయటికి చూసుకుంట చెప్పిండు. పంచాయతీ ఎలక్షన్లు వస్తున్నయ్ గదా, వార్డు మెంబర్‌కి డిపాజిట్ ఇంక గదే 500 ఉన్నదట.

పెద్దమ్మ డబ్బా మూత పెట్టుకుంట, "ఈసారన్న జర కండ్లకు కనపడే గుర్తు తీస్కో" అన్నది.