ధనియాల నీళ్లు, నా 0.3

ఎంవీపీ కాలనీ రైతుబజారులో మా వదిన అరకిలో ధనియాలు కొని నా సంచిలో పడేసింది. “రాత్రి నానబెట్టు, పొద్దున్నే మరిగించి తాగు. మా పిన్నికి థైరాయిడ్ మాత్రే మానేసేంత తగ్గిపోయింది” అంది. ఎనిమిదేళ్లుగా 75 మైక్రోగ్రాముల మాత్ర వేసుకుంటున్న మనిషికి ఆ మాట ఎంత తీపిగా ఉంటుందో చెప్పక్కర్లేదు.

మాత్ర మానలేదు, అంత ధైర్యం లేదు. ఆ నీళ్లతోనే మింగేదాన్ని. పది నిమిషాలకి కాఫీ, టిఫినవగానే కాల్షియం బిళ్ల.

రెండు నెలలకి పరీక్ష చేయిస్తే, థైరాయిడ్ మందగిస్తే పెరిగే టీఎస్‌హెచ్ అనే హార్మోను 0.3! అంతకుముందు 5 దాటి ఉండేది. ఆర్కే బీచ్‌లో నాతో నడిచే నలుగురికీ ఫోన్లో రిపోర్టు చూపించాను. వాళ్లలో ఒకావిడ కాంచనార గుగ్గులనే ఆయుర్వేద మందు వాడుతోంది, ఇంకొకావిడది హోమియో. ఆ రోజు మాత్రం గెలుపు ధనియాలదే.

డాక్టరమ్మ మొహంలో సంతోషం కనపడలేదు. “గుండె దడ ఉందా? చేతులు వణుకుతున్నాయా?” అని అడిగింది. అంకె మరీ తగ్గితే మాత్ర డోసు ఎక్కువైందేమోనని చూస్తారట. అవేమీ లేవు. నిద్రమత్తు, మలబద్ధకం, దువ్వెన నిండా జుట్టు, అన్నీ పాతవే. “ఇంకేమైనా వాడుతున్నారా?” అంటే లేదన్నాను. ధనియాల సంగతి చెబితే తిడుతుందని భయం. “జుట్టుకి?” అంది. అప్పుడు బయటపడింది. రోజూ బయోటిన్ అనే విటమిన్ బిళ్ల, 10 మిల్లీగ్రాములది. అది మందు కాదు కదా అనుకున్నాను!

మనిషికి రోజుకి కావాల్సిన బయోటిన్ 30 మైక్రోగ్రాములేనట. నేను మింగుతున్నది దానికి మూడొందల రెట్ల పైమాట. కొన్ని ల్యాబుల్లో టీఎస్‌హెచ్ పరీక్షే బయోటిన్ ఆధారంగా నడుస్తుందట. రక్తంలో అది ఎక్కువైతే టీఎస్‌హెచ్ తక్కువగా, థైరాయిడ్ గ్రంథి తయారుచేసే టీ4 హార్మోను ఎక్కువగా కనిపిస్తాయి. ఒంట్లో ఏ మార్పూ ఉండదు, కాగితం మీద అంకె మారుతుంది. ఆ అంకె నమ్మి మాత్ర డోసు తగ్గించి ఉంటే నా గతేంటి?

మూడు రోజులు బయోటిన్ ఆపి మళ్లీ రక్తం ఇచ్చాను. 6.2. సిగ్గేసి అప్పుడు ధనియాల సంగతీ చెప్పేశాను. డాక్టరమ్మ తిట్టలేదు. కాఫీ, కాల్షియం మాత్రని ఒంటికి సరిగా పట్టనివ్వవట. మాత్ర ఉత్త నీళ్లతో, కాఫీకి కనీసం అరగంట ముందు వేసుకోమంది. కాల్షియానికి నాలుగు గంటల ఎడం ఉండాలంది. ధనియాల నీళ్లు కావాలంటే సాయంత్రం తాగమంది. ఆరు వారాలకి టీఎస్‌హెచ్ మామూలు స్థాయికి, 3.4కి వచ్చింది.

బీచ్‌లో వదిన మాత్రం ఇంకా నా 0.3 గురించే అందరికీ చెబుతోంది. మొన్న ఒక కొత్తావిడ నా దగ్గరకొచ్చి, “ధనియాలు ఎన్ని చెంచాలు వేశారండీ?” అని అడిగింది. వదిన పక్కనే ఉంది. “రెండు” అన్నాను.