సీసీ కెమెరా ఫుటేజీకి సర్టిఫికెట్ రాయడం లా కాలేజీలో నేర్పాలి

సైబర్ లా అని ఒక పేపరు పెట్టేశాక, టెక్నాలజీ సిలబస్‌లోకి వచ్చేసినట్టే అనుకుంటున్నారు. తిరుపతిలో సీనియర్ దగ్గర చేరిన జూనియర్ చేతికి మొదట వచ్చేది హ్యాకింగ్ కేసు కాదు. రైల్వే స్టేషన్ ఎదుట యాత్రికుడి బ్యాగు పోయిన కేసు, దానికి పక్క కొట్టు కెమెరాలో పడిన దృశ్యం. లేదంటే చేబదులు డబ్బు దావా, అందులో సాక్ష్యమల్లా వాట్సాప్ మాటలే. వీటిని నేర్పాల్సింది ఎవిడెన్స్, డ్రాఫ్టింగ్ క్లాసుల్లో.

2024 జులై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియం అమల్లో ఉంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ అడిగే పాత ఎవిడెన్స్ చట్టం 65బి పోయి, ఇందులో సెక్షన్ 63 వచ్చింది. సర్టిఫికెట్ నమూనా షెడ్యూల్‌లోనే ఉంది. ఎ భాగం ఆ పరికరం ఎవరి చేతిలో ఉందో వాళ్లు, బి భాగం నిపుణుడు రాయాలి. పరికరం మేక్, మోడల్, రంగు, సీరియల్ నంబరు, ఫోనైతే ఐఎమ్ఈఐ, ఆ ఫైలు హ్యాష్ విలువ (ఫైలుకు వేలిముద్ర లాంటి అక్షరాల వరుస), ఆ హ్యాష్ ఏ పద్ధతిలో తీశారో, 24 గంటల లెక్కలో సమయం, అన్నీ నింపాలి. హ్యాష్ రిపోర్టు జత చేయాలి.

క్లాసులో దీన్ని గంటలో చేయించవచ్చు. ఫోన్‌లో పది సెకన్ల వీడియో తీసి కంప్యూటర్‌లోకి కేబుల్‌తో ఎక్కించాలి. హ్యాష్ తీయడానికి కొత్త సాఫ్ట్‌వేర్ ఏమీ అక్కర్లేదు, విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో సర్ట్‌యుటిల్ అనే కమాండు ఉంది. చివర హ్యాష్ పద్ధతి పేరు ఎస్‌హెచ్‌ఏ256 అని రాయడం మరిచిపోతే అది ఎస్‌హెచ్‌ఏ1 విలువ ఇస్తుంది. మొదటిదానికి 64 అక్షరాలు, రెండోదానికి 40. లెక్కపెడితే తప్పు అక్కడే దొరికిపోతుంది. తర్వాత ఫైలు పేరు మార్చి మళ్లీ తీయమనండి, విలువ మారదు. అదే వీడియోను వాట్సాప్‌లో మామూలుగా పంపి, దిగినదానికి తీయమనండి, పూర్తిగా మారిపోతుంది. వాట్సాప్ వీడియోను కుదించి పంపుతుంది కాబట్టి అది వేరే ఫైలు. పార్టీ ‘ఫుటేజీ పంపాను సార్’ అని వాట్సాప్ చేస్తే దాన్నే కోర్టులో పెట్టకూడదని విద్యార్థికి ఇంతకంటే బాగా చెప్పలేం.

హ్యాష్ ఒక్కటే సరిపోదు. కొట్లలో కెమెరా దృశ్యాలు రికార్డు చేసే డీవీఆర్‌లో డిస్కు నిండగానే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతుంది, కాబట్టి మొదటి రోజే అడగాలి. డీవీఆర్ గడియారం పది నిమిషాలు అటూఇటూ ఉండటం మామూలే. ఆ తేడాను కాపీ తీసే రోజే పంచనామాలో రాయించకపోతే, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఎదుటి వకీలు అదే పట్టుకుంటాడు.

దీనికి కొత్త పేపరు అక్కర్లేదు. బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం డ్రాఫ్టింగ్ పేపర్లో 15 ప్లీడింగు అభ్యాసాలు, 15 దస్తావేజు అభ్యాసాలు ఎలాగూ ఉన్నాయి. ఆ మొదటి పదిహేనులో ఒకటి ఈ సర్టిఫికెట్‌కి, ఒకటి ఈ-ఫైలింగ్‌కి ఇస్తే చాలు. మూడేళ్ల కోర్సుకు 12 వారాలు, ఐదేళ్ల కోర్సుకు 20 వారాల ఇంటర్న్‌షిప్ ఉండనే ఉంది. అందులో ప్రతి కేసుకూ ఉండే సీఎన్‌ఆర్ నంబరుతో ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో వాయిదా చూసుకోవడం ఒక్క పూటలో వచ్చేస్తుంది, దానికి ప్రత్యేకంగా వర్క్‌షాపు పెట్టడం దండగ.

సెక్షన్ల నంబర్ల దగ్గర మాత్రం కాస్త నిదానించాలి. ‘482 పిటిషన్’ అంటే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సీఆర్‌పీసీలో హైకోర్టు అంతర్గత అధికారాల కింద వేసేది. దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 482 అంటే ముందస్తు బెయిలు, అంతర్గత అధికారాలు 528కి వెళ్లాయి. 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు కొత్త బీఎన్‌ఎస్ కాక పాత ఐపీసీయే వర్తిస్తుంది కాబట్టి, ఇంకా చాలా ఏళ్లు రెండు పుస్తకాలూ బల్ల మీద ఉండాల్సిందే. నంబర్ల పట్టిక బట్టీ పట్టించడం కంటే, నేరం తేదీ ఇచ్చి ఏ చట్టం వర్తిస్తుందో చెప్పమనడం మేలు.

ఏఐ వాడొద్దని కాలేజీలు చెబుతున్నాయి, పిల్లలు వాడుతున్నారు. 2023లో న్యూయార్క్‌లో చాట్‌జీపీటీ పుట్టించిన లేని తీర్పులు ఉదహరించిన లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది. నా లెక్కన దానికంటే ప్రమాదం, ఉన్న తీర్పే అయి ఉండి చెల్లకుండా పోయినది. 65బి సర్టిఫికెట్ అన్నిసార్లూ అక్కర్లేదని 2018లో షఫీ మొహమ్మద్ కేసులో సుప్రీంకోర్టు అంది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. మొదటిది చూపించి ‘సర్టిఫికెట్ లేకపోయినా పర్వాలేదు’ అని ఏఐ చెబితే పేరు నిజం, తీర్పు నిజం, వాదన మాత్రం తప్పు. కాబట్టి ప్రతి తీర్పునూ సుప్రీంకోర్టు ఉచితంగా ఇచ్చే ఈ-ఎస్‌సీఆర్‌లో తెరవాలి, ఎంతమంది జడ్జీలో చూడాలి, ఉదహరించిన పేరా చదవాలి, తర్వాతి తీర్పుల్లో దాని పేరు వెతకాలి. అసైన్‌మెంటుకు మార్కులు ఈ నాలుగింటికి వేస్తే ఏఐ వాడారా లేదా అన్న గొడవే ఉండదు.

చివరగా తెలుగు టైపింగ్. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత పద్ధతి) కొట్టిన తెలుగు అఫిడవిట్లు, వాంగ్మూలాలు దొరుకుతాయి. కాగితం మీద ముత్యాల్లా ఉంటాయి. పీడీఎఫ్ చేసి అందులో వాది పేరు వెతికితే దొరకదు, కాపీ చేస్తే పిచ్చి గుర్తులు వస్తాయి. విద్యార్థులకు యూనికోడ్ కీబోర్డు ఒక నెల అలవాటు చేయిస్తే ఈ తంటా తప్పుతుంది. షాపుకే ఇవ్వాల్సి వస్తే, పని ఇచ్చే ముందే యూనికోడ్‌లో కొట్టమని అడగాలి. పని అయ్యాక అడిగితే మళ్లీ మొదటి నుంచి కొట్టాల్సిందే అంటారు.