చిరాన్ ప్యాలెస్ ఎక్కడ బాబాయ్?

హైదరాబాద్‌లో మా బాబాయి ఇంట్లో దిగితే పొద్దున్నే ఐదున్నరకి లేవక తప్పదు. ఈసారీ అంతే. కళ్ళు నలుపుకుంటూ ఆయన వెనకే కేబీఆర్ పార్కుకి వెళ్ళాను. ఆయన పదిహేనేళ్ళుగా అక్కడ నడుస్తున్నాడు. నాకైతే నడక కన్నా లోపలున్న భవంతి మీదే ధ్యాస.

"చిరాన్ ప్యాలెస్ ఎక్కడ బాబాయ్?"

"లోపలెక్కడో ఉందిరా. నేనూ చూళ్ళేదు."

ఈ కొండ ఒకప్పుడు ముకర్రం జా ఎస్టేటు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కొడుకుని కాదని మనవడైన ఈయన్ని వారసుడిగా ఎంచుకున్నాడు. తల్లి దుర్రు షెహ్వార్ చివరి ఒట్టోమన్ ఖలీఫా కూతురు. 1967లో తాత పోయాక ఎనిమిదో నిజాం అనిపించుకున్నాడు గానీ, ఏలడానికి రాజ్యమేది? అది 1948లోనే పోయింది. 1971లో రాజభరణమూ పోయింది. చుట్టూ కోర్టు తగాదాలు. విసుగెత్తి ఆస్ట్రేలియా వెళ్ళి గొర్రెల ఫారం పెట్టుకున్నాడు.

ఇక్కడి భూమిలో చాలా భాగం పట్టణ భూపరిమితి చట్టం కింద ప్రభుత్వానికి వచ్చింది. 1998లో సుమారు 350 ఎకరాల్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ముకర్రం జాకి పట్టాభిషేకం జరిగిన 1967లో ముఖ్యమంత్రి ఆయనే. కొత్త నిజాం తోటకి అప్పటి ముఖ్యమంత్రి పేరు! బోర్డు మీద ఆ పేరు చూసి నాకు నవ్వొచ్చింది.

నడకదారి పక్కన నల్లరాతి గుండ్లు ఒకదానిమీదొకటి ఎవరో పేర్చినట్టున్నాయి. ఓ గుండు పగులులోంచి రావి మొక్క మొలిచింది, వేళ్ళు రాయిని కరుచుకుని ఉన్నాయి. అవతల పొదల్లోంచి ఒక ఆడనెమలి వచ్చింది. మమ్మల్ని ఖాతరు చేయకుండా దారి దాటి, మనుషులు పోకూడని వైపు వెళ్ళిపోయింది. ప్యాలెస్ అటే ఉందేమోనని నేను మెడ సాచాను. చెట్లు తప్ప ఏమీ కనిపించలేదు.

ముకర్రం జా 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో కన్నుమూశాడు. తెచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. ఎక్కడెక్కడో తిరిగినా చివరికి ఈ ఊరికే వచ్చాడు.

బయటికొచ్చి రాగిజావ తాగుతూ ఇదంతా చెబితే బాబాయి కాసేపు మాట్లాడలేదు.

"అంటే ఇన్నేళ్ళూ నేను నిజాం పెరట్లో నడిచానన్నమాట," అని ఇంకో గ్లాసు జావ చెప్పాడు.