అన్నం న నింద్యాత్

మొన్న నవరాత్రుల్లో భద్రకాళి అమ్మవారి దర్శనం చేసుకుని, పదిమందిమి కలిసి హనుమకొండలో ఒక హోటలుకు భోజనానికి వెళ్లాం. నుదుటి కుంకుమ ఇంకా చెరగలేదు. అప్పుడే మొదలుపెట్టారు, పప్పులో ఉప్పు లేదని ఒకరు, చారు నీళ్లలా ఉందని ఒకరు. వడ్డించే కుర్రవాడిని పిలిచి నలుగురి ముందు మందలించింది మాత్రం నేనే.

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ఎన్నిసార్లు పారాయణ చేశానో! భృగువు తపస్సు చేసి మొదట అన్నమే బ్రహ్మమనుకుంటాడు. ప్రాణం, మనస్సు, విజ్ఞానం ఒక్కొక్కటీ దాటి, ఆరో అనువాకంలో, అంటే ఆరో భాగంలో, ఆనందమే బ్రహ్మమని తెలుసుకుంటాడు. అంతకు పైన మెట్టు లేదు. మరి ఏడో అనువాకం ఎలా మొదలవుతుంది? 'అన్నం న నింద్యాత్, తద్వ్రతమ్'. అన్నాన్ని నిందించకూడదు, అది వ్రతం. ఎప్పుడో దాటి వచ్చామనుకున్న అన్నం దగ్గరికే శ్రుతి మళ్లీ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, అదీ వ్రతంగా. ఆనందం తెలిసినవాడికే తప్పని నియమం, బిల్లు కట్టినంత మాత్రాన మనకు తప్పుతుందా?

ఎనిమిదోది 'అన్నం న పరిచక్షీత'. వద్దని తోసేయకూడదు. నింద నోటితో చేసేది. ఈ తోసేయడం మాత్రం చేతితోనూ, ముఖంతోనూ చేస్తాం. మూతి విరిచి ప్లేటు పక్కకు జరిపితే ఎదుటివారి ముద్ద గొంతులోనే ఆగిపోతుంది. సరిపడని పదార్థమైతే వడ్డించకముందే చెయ్యి అడ్డం పెట్టండి, అందులో దోషం లేదు. (ఫోను చూస్తూ తినేవారి సంగతి ఎత్తితే ఈ వ్యాసం ఇవాళ తేలదు.)

సద్దుల బతుకమ్మ నాడు హనుమకొండలోని పద్మాక్షి గుండం దగ్గర చూడండి. బతుకమ్మను నీళ్లలో సాగనంపాక, ముక్కూ ముఖం తెలియనివారి చేతిలోనూ రొట్టె, బెల్లం కలిపి చేసిన మలీద పెడతారు, నువ్వుల సద్ది పెడతారు. 'ఇస్తినమ్మ వాయినం' అంటే 'పుచ్చుకుంటినమ్మ వాయినం' అనే జవాబు. బెల్లం తగ్గిందన్న మాట అక్కడ నేనెన్నడూ వినలేదు.

ఆ రోజు హోటల్లో మా మేనత్త నా పక్కనే కూర్చుంది. ఆమెకు వడ్డించిందీ ఆ పప్పే. మెతుకు మిగల్చకుండా తిని, బిక్కముఖంతో నిలబడ్డ ఆ కుర్రవాడిని చూసి "ఇంకొంచెం వెయ్యి బిడ్డా" అంది. తొమ్మిదో అనువాకం 'అన్నం బహు కుర్వీత', అన్నాన్ని సమృద్ధి చేయాలి, అని కదా మొదలయ్యేది! అతను పప్పు గిన్నెతో పరుగున వచ్చాడు. తల ఎత్తకుండానే నేనూ నా ప్లేటు ముందుకు జరిపాను.