ఐస్‌లాండ్ ఒకటో నంబరు రోడ్డు: గాలిని చూసి బండి తీయండి

ఐస్‌లాండ్ దీవి చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే వచ్చి కలిసే రోడ్డు ఒకటుంది. పేరు ఒకటో నంబరు రోడ్డు, పొడవు సుమారు 1,320 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే ఐదారు రోజుల పని అనిపిస్తుంది. పర్లాకిమిడి నుంచి భువనేశ్వర్‌కు పొద్దున వెళ్లి పని చూసుకుని వచ్చేవాళ్లకు రోజుకు 200 కిలోమీటర్లు ఒక లెక్కలోది కాదు. అయితే అక్కడ దూరాన్ని బట్టి ప్లాను వేసుకున్నవాళ్లే ఇరుక్కుపోతారు. ఆ రోడ్డు మీద ఏ రోజు ఎంత దూరం వెళ్లాలో తేల్చేది ముందు గాలి, తర్వాత మంచు కింద ఉన్న అగ్నిపర్వతాలు. అందుకే తొమ్మిది పది రోజులు పెట్టుకోండి. అందులో ఒకటి రెండు రోజులు ఏ ఊరికీ కేటాయించకుండా ఖాళీగా ఉంచండి.

దేశం వైశాల్యం 1,03,000 చదరపు కిలోమీటర్లు, ఒడిశాలో మూడింట రెండు వంతులు. జనం నాలుగు లక్షల లోపే. 2011 జనాభా లెక్కల్లో మన గజపతి జిల్లా ఒక్కదానిలోనే 5.77 లక్షల మంది ఉన్నారు. ఇక్కడ మోహన ఘాటీలో బండి ఆగిపోతే అరగంటలో ఎవరో ఒకరు వచ్చి చెయ్యి వేస్తారు. అక్కడ ఎగిల్‌స్టాదిర్ నుంచి మీవాత్న్ సరస్సు దాకా ఉన్న 165 కిలోమీటర్లలో ఊరు అనదగ్గది కనిపించదు. పెట్రోలు సగానికి దిగగానే నింపుకోవాలి. చాలా బంకుల్లో మనిషి ఉండడు, మిషనే ఉంటుంది. దానికి నాలుగంకెల పిన్ ఉన్న కార్డు కావాలి. పిన్ పనిచేయని కార్డు పట్టుకుని వెళ్తే బంకు ముందు నిలబడి కూడా పెట్రోలు దొరకదు, కాబట్టి బ్యాంకులో అడిగి విదేశాల్లో పిన్ వాడకాన్ని ఇక్కడే తెరిపించుకోండి. ఆపదలో చేయాల్సిన నంబరు 112.

యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా చాలు. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మన లైసెన్సు అక్కడ చెల్లుతుంది. అయినా మన ఆర్టీవో ఆఫీసులో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోవడం మేలు, ఏడాదిపాటు పనికొస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా వెళ్తే మామూలు చిన్న కారు సరిపోతుంది, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అక్కర్లేదు. ‘ఎఫ్’ అక్షరంతో మొదలయ్యే కొండ దారులకు మాత్రం ఫోర్ వీల్ ఉండి తీరాలి. వాటిలో వంతెనల్లేని ఏరులను దాటాలి, అక్కడ ఇంజన్లోకి నీళ్లు పోతే బీమా రూపాయి ఇవ్వదు. మొదటిసారి వెళ్లేవాళ్లు వాటి జోలికి పోవద్దు. చలికాలం ప్రయాణం కూడా వద్దు. డిసెంబరులో పగలు నాలుగైదు గంటలే, రోడ్డంతా గాజులా గడ్డకడుతుంది.

బండి నడిపేది కుడివైపున. చేతులకు రెండు రోజుల్లో అలవాటవుతుంది కానీ, ఖాళీ రోడ్డు మీద బంకులోంచి బయటికి తిరిగేటప్పుడు చెయ్యి తెలియకుండానే ఎడమకు లాగుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ప్రతి మలుపు దగ్గరా ‘కుడి’ అని పైకి అనాలి. పగలైనా లైట్లు వెలుగుతూనే ఉండాలి. తారు రోడ్డు మీద 90, కంకర రోడ్డు మీద 80, ఊళ్లో 50 దాటకూడదు. రెండు వరసల రౌండెబౌట్‌లో లోపలి వరసలో ఉన్న బండిదే ముందు హక్కు. మనవాళ్లు తడబడేది ఎక్కువగా ఇక్కడే.

దక్షిణం వైపు ఒంటివరస వంతెనలు తగులుతాయి. ముందుగా ‘ఐన్‌బ్రేద్ బ్రూ’ అని బోర్డు ఉంటుంది. వంతెనకు ఎవరు ముందు చేరితే వాళ్లు ముందు దాటాలి, రెండోవాళ్లు పక్కకు ఆగాలి. దూరం నుంచి లైట్లు కొట్టి దూసుకొచ్చే మన ఘాటీ పద్ధతి అక్కడ పనికిరాదు. సంపన్న దేశానికి ఈ ఇరుకు వంతెనలేమిటని అనుమానం రావచ్చు. బండ్లు తక్కువ కావడం ఒక కారణం, వాటి కింద పారే నీళ్లు రెండో కారణం. వాత్నాయోకుత్ల్ అనే పెద్ద హిమానీనదం కింద గ్రిమ్స్‌వోట్న్ అగ్నిపర్వతం ఉంది. 1996 చివర్లో ఆ ప్రాంతంలో మంచు కింద లావా పొంగింది. కరిగిన నీళ్లు నెలరోజులకు పైగా లోపలే చేరి, నవంబరు 5న ఒక్కసారిగా బయటపడ్డాయి. ఉద్ధృతి మీద ఉన్నప్పుడు సెకనుకు 45 వేల ఘనపు మీటర్లు, అంటే దాదాపు 16 లక్షల క్యూసెక్కులు. ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక దాటిన గోదావరి అంత నీరు, ఇల్లంత మంచుదిమ్మలతో కలిసి, స్కేదారార్‌సాండుర్ అనే నల్ల ఇసుక మైదానం మీదుగా పోయింది. ఒక వంతెనను పూర్తిగా, మరోదాన్ని కొంతమేర పట్టుకెళ్లింది. మెలితిరిగిన ఆ ఇనుప దూలాలను రోడ్డు పక్కన గుర్తుగా ఉంచారు. తప్పకుండా ఆగి చూడండి. 1974లో ఈ మైదానం మీద వంతెనలు కట్టాకే దీవి చుట్టూ రోడ్డు మొదటిసారి కలిసింది.

ఇది పాత కథ అనుకోవద్దు. 2011 జులైలో కాట్లా అగ్నిపర్వతం వైపు నుంచి వచ్చిన వరద విక్ ఊరి తూర్పున మూలాక్విస్ల్ ఏటి వంతెనను తుడిచేసింది. వారంలో తాత్కాలిక వంతెన వేసేశారు. పోయినదాన్ని త్వరగా కట్టుకోవడం అక్కడి రోడ్డు ఇంజనీర్ల ప్రత్యేకత, నిజంగా మెచ్చుకోవాల్సిన పనితనం. ప్రయాణికుడు చేయాల్సింది ఒకటే: ఏటి నీళ్లు ఒక్కసారిగా నల్లబడి గంధకం వాసన కొడితే ఫొటోలకు ఆగకుండా ఎత్తు మీదికి వెళ్లి 112కు చెప్పాలి.

ఇక గాలి. ఫైలిన్, తిత్లీ చూసినవాళ్లకు గాలి గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మనకు తుపాను నాలుగు రోజుల ముందే చాటింపు వేసి వస్తుంది, అక్కడ మంచి ఎండలోనే కొండ మలుపు తిరగగానే కొడుతుంది. రోడ్డు పక్క బోర్డుల్లో గాలి వేగం సెకనుకు మీటర్లలో ఉంటుంది. దాన్ని 3.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు. 15 అని ఉంటే 54, 20 అంటే 72, 25 అంటే 90. 15 దాటితే పడుకునే వ్యాను లాంటి ఎత్తు బండ్లు, 20 దాటితే చిన్న కార్లు కదలకపోవడమే మంచిది. బోర్డు మీద సగటు వేగంతో పాటు ఒక్క ఉదుటున కొట్టే గాలి వేగం కూడా వేస్తారు, చూడాల్సింది ఆ రెండో అంకె. ఎయాఫ్యాత్లాయోకుత్ల్ కొండ కింద, అంటే 2010లో బూడిద లేచి యూరప్ విమానాలను రోజుల తరబడి ఆపిన కొండ కింద, తర్వాత ఓరైవి ప్రాంతంలో, పడమటి తీరంలో హాప్నార్‌ఫ్యాత్ల్ కొండ దగ్గర గాలి మరీ ఎక్కువ.

అద్దె కార్లకు జరిగే నష్టాల్లో ఎక్కువగా వినిపించేది తలుపు విరగడం. కారును మూతి గాలికి ఎదురుగా ఉండేలా ఆపాలి. అప్పుడు గాలి తలుపును మూసేవైపే నెడుతుంది. వెనక నుంచి వీస్తుంటే మాత్రం గడియ తీయగానే తలుపును ఊడలాగి బందులు వంచేస్తుంది. ఒక్కో తలుపే తీయండి, రెండు చేతులతో పట్టుకుని తీయండి. మామూలు బీమాలో ఈ నష్టం సాధారణంగా రాదు. ఇసుక, బూడిద కొట్టి పెయింటు లేచిపోవడమూ రాదు. దానికి వేరే బీమా ఉంటుంది, విక్ తూర్పు వైపు నల్ల ఇసుక నేలలు దాటేవాళ్లు అది తీసుకోవాలి. కంకర బీమా కూడా. ఎదురు బండి చక్రం కింది రాయి తగిలితే చాలు, అద్దం పగులుతుంది. తారు ముగిసి కంకర మొదలయ్యే చోట ముందే వేగం తగ్గించండి, కంకర మీదికి వచ్చాక బ్రేకు తొక్కితే బండి జారుతుంది. తూర్పున ఫోను మ్యాపు దూరం కలిసొస్తుందని ఓక్సి అనే దారి చూపిస్తుంది. నిట్టనిలువు కంకర ఘాటీ అది, పొగమంచు పడితే ముందు ఏమీ కనపడదు. సముద్రం పక్క దారే పట్టండి.

విక్ దగ్గర రేనిస్‌ఫ్యారా నల్ల ఇసుక బీచిని గోపాల్‌పూర్ అనుకుని పాదాలు తడుపుకోవడానికి దిగకండి. ఒడ్డు దాటగానే లోతు. నాలుగు చిన్న అలల తర్వాత ఒక పెద్ద అల ఒడ్డు పైదాకా వచ్చి మనిషిని లాక్కుపోతుంది. ప్రాణాలు పోయాయి కాబట్టే అక్కడ హెచ్చరిక దీపాలు పెట్టారు. సముద్రానికి వీపు తిప్పవద్దు.

ఉత్తరాన మీవాత్న్ దగ్గరి హ్వెరిర్‌లో మన తప్తపాణి వేడినీటి బుగ్గ దగ్గరి గంధకం వాసనే వస్తుంది, ఘాటు మాత్రం చాలా ఎక్కువ. బురద కుతకుతా ఉడుకుతుంటుంది. తాడు కట్టిన దారి దాటకూడదు. తెల్లగా, లేత పసుపుగా కనిపించే నేల పైపొర పలచన, కాలు దిగిందంటే బొబ్బలు ఖాయం. చాలా ఊళ్లలో కుళాయి వేడినీళ్లు కూడా భూమిలోంచే వస్తాయి. స్నానానికి వెళ్లేముందు ఆడవాళ్లు వెండి పట్టీలు, మెట్టెలు తీసి పెట్టుకోండి, గంధకానికి నల్లబడతాయి. తాగడానికి చల్లనీళ్ల కుళాయి వాడండి, సీసా నీళ్లు కొనడం డబ్బు దండగ.

తూర్పు కనుమల రాళ్లు సుమారు వంద కోట్ల ఏళ్ల కిందట రూపు కట్టినవి. ఐస్‌లాండ్ మొత్తంలో అతి పాత రాయికి 1.6 కోట్ల ఏళ్లే. 1783లో లాకీ పగులు నుంచి ఎనిమిది నెలలు పారిన లావా మీద ఇప్పుడు అంగుళాల మందాన నాచు పెరిగింది, రోడ్డు దాని మధ్య నుంచే పోతుంది. ఆ నాచు మీద అడుగు పెట్టకండి. తొక్కినచోట మళ్లీ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది. రోడ్డు దిగి బండి నడిపితే పెద్ద జరిమానా కూడా ఉంది.

భోజనానికి వంటగది ఉన్న గెస్ట్‌హౌస్ చూసుకోండి. హోటలు తిండి ధర మనకు మింగుడుపడదు. బియ్యం, పెరుగు, గుడ్లు బోనుస్, క్రోనాన్ దుకాణాల్లో దొరుకుతాయి. కందిపొడి, ఆవకాయ ఇంటి నుంచి తీసుకెళ్తే సరి. పచ్చి మాంసం మాత్రం పెట్టెలో పెట్టొద్దు, కస్టమ్స్‌లో తీసేసుకుంటారు.

ఎయిర్‌పోర్టు ఉన్న రేక్యానెస్ ద్వీపకల్పాన్ని చివర్లో చూద్దామనుకునేవాళ్లు ఆ ఉదయం రోడ్డు పరిస్థితి చూశాకే బయలుదేరాలి. గ్రిండావిక్ ఊరిని 2023 నవంబరులో ఖాళీ చేయించారు. 2024 ఫిబ్రవరి 8న లావా ఆ ఊరి రోడ్డునూ, చుట్టుపక్కల ఇళ్లకు వేడినీళ్లు తీసుకెళ్లే పైపునూ కప్పేసింది. ఆరీ ఆరని లావా మీదే మళ్లీ రోడ్డు వేశారు. తర్వాత కూడా లావా పొంగింది, రోడ్లు మూశారు, తెరిచారు. బారికేడు కనబడితే పక్క నుంచి దారి వెతక్కుండా బండి వెనక్కి తిప్పండి. ఫ్లైటుకు కనీసం నాలుగు గంటల ముందు అటువైపు పని ముగించుకుని, ట్యాంకు నింపి, కారుకు నాలుగు వైపులా ఫొటోలు తీసి అప్పగించండి.