1972 ఐక్ డాలర్లలో మూడు రకాలు విడదీయడం: నా అనుభవం

ముందే చెప్పేస్తున్నా, ఐసెన్‌హోవర్ డాలర్ (అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ బొమ్మ ఉన్న డాలరు నాణెం, ఆయన ముద్దుపేరుతో ఐక్ డాలర్ అంటారు) మీద నాకు పెద్ద మోజేం లేదు. 38 మిల్లీమీటర్ల వెడల్పు, జేబులో నాలుగు వేసుకుంటే ప్యాంటు కిందికి లాగేంత బరువు. అందుకే 1971 నుంచి 1978 దాకా కోట్లలో ముద్రించినా అమెరికాలో జనం చేతుల్లో పెద్దగా తిరగలేదు, నెవాడా కాసినోల్లో స్లాట్ మెషిన్లు మాత్రం బాగా తిన్నాయి. నేనుండేది టెక్సస్‌లో. బ్యాంకు కౌంటర్లో పెద్ద డాలర్లు వస్తే పక్కన పెట్టమని చెప్పి ఉంచితే, ఎవరో పెద్దాయన డ్రాయర్లో దాచినవి ఇంట్లోవాళ్లు తెచ్చి జమ చేసినవి అప్పుడప్పుడూ ముఖ విలువకే దొరుకుతుంటాయి. అలా పోగైనవాటిలో 1972వి చాలానే ఉన్నాయి, వాటితోనే అసలు పని.

మన రూపాయి మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ మింట్ అని చిన్నప్పుడే నేర్చుకున్నవాళ్లకి మొదటి వడపోత తేలికే. ఐక్ మెడకీ సంవత్సరానికీ మధ్య డి ఉంటే డెన్వర్, ఎస్ ఉంటే శాన్‌ఫ్రాన్సిస్కో, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. మనకి కావలసింది ఏమీ లేనిదే. ఆ ఏడాది ఫిలడెల్ఫియాలో 7.58 కోట్లకు పైగా కొట్టారు, వెనక వైపు డిజైన్ మాత్రం మూడు రకాలుగా వచ్చింది, టైప్ 1, 2, 3 అంటారు. 1, 3 ఎక్కడపడితే అక్కడ దొరుకుతాయి. 2 దొరకదు. అరిగినదానికే పదుల డాలర్లు పలుకుతుంది, మెరుపు చెడనిదైతే వందలు దాటుతుంది.

వెనక వైపు అపోలో 11 బొమ్మ. చంద్రుడి మీద దిగుతున్న డేగ, కాళ్లలో ఆలివ్ కొమ్మ, దాని తలకి ఎడమ పక్కన పైన చిన్న భూమి. తేడా అంతా ఆ భూమిలోనే ఉంది, అది కందిగింజంత. టైప్ 1లో భూమి ఎడమ పైభాగం బొటనవేలితో నొక్కిన లడ్డూలా కాస్త చదునుగా ఉంటుంది, ఫ్లోరిడా (అమెరికా కింద తోకలా వేలాడే రాష్ట్రం) కొస, కింద ఉన్న దీవుల వైపు చూపిస్తుంది. టైప్ 3లో భూమి గుండ్రం, ఫ్లోరిడా స్పష్టం, దీవులు దానికి కుడి పక్కన కిందికి జరిగి ఉంటాయి. టైప్ 2లో భూమి గుండ్రమే కానీ దీవులు దాదాపు కనబడవు. రాస్తుంటే ఇంత సులువుగా ఉంది కదా, కాసినోలో నలిగి గీతలు పడ్డ నాణెం చేతిలోకి తీసుకుంటే ఏది దీవో ఏది దెబ్బో తెలిసి చావదు! ఫోన్లో పెద్దది చేసిన ఫొటోలు పక్కన పెట్టి పోలుద్దామంటే ఇంకా అయోమయం, ఎందుకంటే వాటి వెలుగు వేరు, మన టేబుల్ లైటు వేరు.

నాకు దారి చూపించింది ఫొటోలు కాదు, ఇతర ఐక్ డాలర్లే. 1972 డెన్వర్ నాణేలన్నీ టైప్ 1. 1974 ఫిలడెల్ఫియాది టైప్ 3. ఇక 1972 ఎస్, అంటే కలెక్టర్ల కోసం చేసిన 40 శాతం వెండి నాణెం, దాని వెనక ఉన్నది టైప్ 2 డిజైనే, అది ఏ నాణేల షాపులోనైనా తేలిగ్గా దొరుకుతుంది. ఈ మూడూ వరసగా పెట్టుకుని, టేబుల్ లైటు పక్క నుంచి వాలుగా పడేలా వంచి, పది రెట్ల భూతద్దంతో వాటినే కాసేపు చూశాక కన్ను దానంతటదే పట్టేయడం మొదలెట్టింది. మా ఆవిడ వచ్చి "ఏంటండీ, గంట నుంచీ ఫ్లోరిడానే చూస్తున్నారు, టికెట్లేమైనా బుక్ చేస్తున్నారా?" అంది.

బ్యాంకు నుంచి వచ్చినవాటిలో టైప్ 2 లేదు. టైప్ 1 ఎక్కువ, తర్వాత టైప్ 3. చివరికి టైప్ 2 నాణేల ప్రదర్శనలో ఒకాయన పెట్టిన చవక ట్రేలో కనబడింది, కవరు మీద 1972 అని మాత్రమే రాసుంది.

వెంటనే సంబరపడలేదు. వెండి 1972 ఎస్ వెనకా ఇదే డిజైన్ కాబట్టి ఎవరైనా ఆ ఎస్ గీకేసి అమ్మినా భూమి సరిగ్గానే కనబడుతుంది. అందుకని కొన్నాక ముందు అంచు చూశా, మధ్యలో ఎర్రటి రాగి గీత చక్కగా ఉంది. వెండిదాంట్లో అలా ఉండదు. ఇంటికొచ్చి తూకం వేశా. వెండి లేని మామూలుది 22.68 గ్రాములు, వెండిది 24.59, నాది అరుగుదల పోను 22.6 చూపించింది. సంవత్సరం పైన భూతద్దంతో వెతికితే గీకిన జాడ కూడా లేదు. ప్రస్తుతానికి గ్రేడింగ్‌కి (నాణెం అసలుదో కాదో, ఎంత అరిగిందో తేల్చి చెప్పే సంస్థలకి) పంపను, ఫీజూ పోస్టేజీ కలిపితే ఈ మాత్రం అరిగిన నాణేనికి గిట్టదు.

ఇక మిగిలినవి 1776-1976 అని రెండు సంవత్సరాలూ వేసినవి, చంద్రుడి ముందు లిబర్టీ బెల్ (అమెరికా స్వాతంత్ర్యానికి గుర్తుగా చెప్పుకునే గంట) ఉన్నవి. వాటిలో రెండే రకాలు, వెనక అక్షరాలు లావుగా ఉంటే టైప్ 1, సన్నగా పదునుగా ఉంటే టైప్ 2. భూతద్దం కూడా అక్కర్లేదు, టీవీ చూస్తూ విడదీసేయొచ్చు.